కలిపిన చేతిదే బాధ్యత: అమెరికాలోని తెలుగు సంఘాలకు ఒక నర్సు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, విశ్వవిద్యాలయాల్లోని తెలుగు విద్యార్థి సంఘాల బాధ్యులకు నమస్కారాలు.

నేను అమెరికాలోని ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో పదకొండేళ్లుగా రాత్రి డ్యూటీ చేస్తున్న నర్సును. ఊరి పేరు గానీ ఆసుపత్రి పేరు గానీ రాయడం లేదు. రోగుల గోప్యత కాపాడటం నా ఉద్యోగ ధర్మం. అదీగాక నేను చెప్పబోయేది ఒక్క ఊరికి పరిమితమైన విషయం కాదు. మద్యంలో ఎనర్జీ డ్రింకు కలిపి తాగడం, తాగించడం మన వేడుకల్లోనూ మన పిల్లలుండే అపార్ట్‌మెంట్లలోనూ మామూలైపోయింది. అలా కలపడంలో ఉన్న ప్రమాదానికి బాధ్యులెవరన్న ప్రశ్న మాత్రం ఇంతవరకు మన సభల్లో ఎక్కడా వినపడలేదు. మద్యం మంచిచెడ్డల మీద ఉపన్యాసం ఇచ్చే ఉద్దేశం నాకు లేదు. పెద్దవాళ్లు తాగాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. నేను అడుగుతున్నది ఆ ఒక్క మిశ్రమం గురించి, దాన్ని కలిపే చేతుల గురించి మాత్రమే.

ఒక శనివారం అర్ధరాత్రి దాటాక, రెండున్నర ప్రాంతంలో, ముగ్గురు కుర్రాళ్లు నాలుగో కుర్రాడిని భుజాల కింద చేతులేసి నడిపించుకుంటూ తీసుకొచ్చారు. నా బ్యాడ్జీ మీద పేరు చూడగానే వాడు తెలుగులోకి దిగిపోయి, "నాకేం కాలేదక్కా, వీళ్లే అనవసరంగా కంగారు పడుతున్నారు" అన్నాడు. మాట ముద్దగా వస్తోంది గానీ ఆగడం లేదు. ఊరు, కాలేజీ, క్రికెట్, మొన్నటి పరీక్ష, ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోతున్నాడు. మంచం పక్కనున్న కడ్డీ మీద అతని వేళ్లు గబగబా తాళం వేస్తున్నాయి; కాసేపు ఆపమని చెప్పి చెయ్యి పట్టుకుంటే నా చేతిలోనూ వణుకుతున్నాయి. నాడి నిమిషానికి 134. రక్తపరీక్షలో ఆల్కహాల్ శాతం 0.27 వచ్చింది. ఈ దేశంలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ బండి నడపడానికి పరిమితి 0.08 అని మీకు తెలుసు. యూటాలో అదీ 0.05. అంటే పరిమితికి మూడు రెట్లు దాటి, నిలబడటానికే ఓపిక లేకుండా సోలిపోవలసిన స్థితిలో ఉన్న పిల్లవాడు కళ్లు ఇంతింత చేసుకుని నాతో కబుర్లు చెబుతున్నాడు.

ఏం తాగారని అడిగితే మిగిలిన ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంట్లో బిర్యానీ వండే పెద్ద గిన్నెలో వోడ్కా సీసాలు, ఎనర్జీ డ్రింకు డబ్బాలు, డబ్బాలో దొరికే మామిడి రసం అన్నీ కలిపి, గరిటెతో ముంచుకుని ప్లాస్టిక్ గ్లాసుల్లో పోసుకున్నారట. ఎన్ని గ్లాసులన్నది ఒక్కరికీ తెలియదు. గిన్నె అడుగు కనపడిందని మాత్రం ఒకడు చెప్పాడు. నాలుగున్నర అయ్యేసరికి ఆ మాటల ప్రవాహం ఒక్కసారిగా ఆగిపోయింది. ఎంత పిలిచినా పలకలేదు, వాంతి చేసుకున్నాడు, ఊపిరి నెమ్మదించింది. గబగబా పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోరు శుభ్రం చేసి, తెల్లవారే దాకా పక్కనే ఉన్నాం. అదృష్టవశాత్తు కోలుకున్నాడు. మళ్లీ స్పృహలోకి వచ్చాక అతను అన్న మాట వల్లే ఈ లేఖ రాయాలనిపించింది: "అసలు ఎక్కలేదక్కా, అందుకే తాగుతూ పోయాను."

ఎక్కింది. కాకపోతే ఎక్కినట్టు తెలియలేదు. కాఫీలోనూ ఎనర్జీ డ్రింకుల్లోనూ ఉండి నిద్ర రానివ్వని పదార్థం కెఫీన్. మద్యంలో కెఫీన్ కలిపితే జరిగేదంతా ఈ రెండు ముక్కల్లో ఉంది.

మనం మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది మెదడు కణాల మీద తనకోసం ఉండే గ్రాహకాలకు అంటుకునేకొద్దీ మనకు బడలికగా, మగతగా ఉంటుంది. మద్యం ఆ అడెనోసిన్ ప్రభావాన్ని పెంచుతుంది కాబట్టే రెండు మూడు పెగ్గులయ్యాక కళ్లు మూతలు పడతాయి, ఇక చాలనిపిస్తుంది. శరీరం తనకు తానుగా వేసుకునే బ్రేకు అది. కెఫీన్ వెళ్లి ఆ గ్రాహకాలను ముందే ఆక్రమించి కూర్చుంటుంది గనుక మగత రాదు, బ్రేకు పడదు. అయితే రక్తంలోని ఆల్కహాల్ ఒక్క చుక్క కూడా తగ్గదు. కాలేయం గంటకు సుమారు ఒక స్టాండర్డ్ డ్రింకును, అంటే 14 గ్రాముల ఆల్కహాల్‌ను మాత్రమే ఖర్చు చేయగలదు. కెఫీన్ ఎంత పోసినా ఆ వేగం పెరగదు. చేతులు కాళ్లు కుదురుగా కదిలే తీరు, ఎదుటి బండి ఆగినప్పుడు బ్రేకు తొక్కే వేగం, చేయబోయేది తప్పో ఒప్పో తేల్చుకునే బుద్ధి, ఇవన్నీ తాగినవాడివి తాగినవాడిలాగే ఉంటాయి. తాగాననే ఎరుక ఒక్కటే తగ్గుతుంది. 2006లో బ్రెజిల్ పరిశోధకులు 26 మంది యువకుల మీద జరిపిన అధ్యయనంలో సరిగ్గా ఇదే బయటపడింది: ఎనర్జీ డ్రింకు కలిపి తాగినప్పుడు తలనొప్పి, నీరసం తక్కువగా ఉన్నాయనీ, శరీరం బాగానే సహకరిస్తోందనీ వాళ్లు చెప్పారు, పరీక్షలు పెట్టి చూస్తే కదలికల్లోనూ ప్రతిస్పందనల్లోనూ ఏ మెరుగూ కనపడలేదు.

మన ఇళ్లలో ఒక పాత నమ్మకం ఉంది. తాగి వచ్చినవాడికి చిక్కటి కాఫీ పట్టిస్తే దిగిపోతుందంటారు. కాఫీ వల్ల దిగదు, తాగినవాడు మెలకువగా ఉంటాడు, అంతే. మెలకువగా ఉన్న మత్తు నిద్రపోయే మత్తు కన్నా ప్రమాదకరం. నిద్రపోయినవాడు కారు తాళాలు వెతుక్కోడు. ఫ్లోరిడాలోని ఒక విశ్వవిద్యాలయ పట్టణంలో రాత్రివేళ బార్ల నుంచి బయటికొస్తున్న సుమారు 800 మందిని ఆపి, ఊపిరి పరీక్ష చేసి, ప్రశ్నలు అడిగారు. 2010లో ఆ ఫలితాలు వచ్చాయి. ఎనర్జీ డ్రింకు కలిపి తాగినవారు మిగతావారి కంటే మూడు రెట్లు ఎక్కువగా 0.08 పరిమితి దాటి ఉన్నారు, నాలుగు రెట్లు ఎక్కువగా ఇప్పుడు బండి నడపబోతున్నామని చెప్పారు. అలా కలుపుకుని తాగేవాళ్లు ముందునుంచే దూకుడు స్వభావం గలవాళ్లేమో, తప్పు ఆ మిశ్రమంది కాకపోవచ్చు కదా అని వాదించేవాళ్లు ఉన్నారు. అది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. ఇటువంటి అధ్యయనం ఒక్కటే కారణాన్ని తేల్చలేదు. అయితే ఆ అనుమానం వల్ల ఎవరికి లాభం కలగాలి, అమ్మేవాడికా, తాగేవాడికా? అమెరికా ప్రభుత్వం సరిగ్గా ఈ ప్రశ్నకే 2010లో జవాబు చెప్పవలసి వచ్చింది. ఆ కథ మీలో కొందరికి గుర్తుండవచ్చు. ఆ తరవాత ఈ దేశానికి వచ్చిన వేలాది మన విద్యార్థులకు మాత్రం తెలియదు.

ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న ముగ్గురు మిత్రులు పెట్టిన ఫ్యూజన్ ప్రాజెక్ట్స్ అనే షికాగో కంపెనీ ఫోర్ లోకో అనే పానీయాన్ని అమ్మేది. కెఫీన్, టారిన్, గ్వారానా (కెఫీన్ ఉండే ఒక రకం గింజల సారం), వార్మ్‌వుడ్ (ఒక చేదు మూలిక) అనే నాలుగు పదార్థాల వల్ల ఆ పేరులో నాలుగు వచ్చి చేరింది. పళ్ల రుచులు, మిఠాయి కాగితాల్లాంటి రంగులు, 23.5 ఔన్సుల పొడుగాటి డబ్బా. చాలా రాష్ట్రాల్లో అందులో ఆల్కహాల్ 12 శాతం. లెక్క వేసి చూడండి: ఆ ఒక్క డబ్బాలో దాదాపు అయిదు బీర్లకు సరిపడా ఆల్కహాల్ ఉంది, పైన కెఫీన్ ఉంది, మూత ఒకసారి తీస్తే మళ్లీ పెట్టడానికి వీల్లేదు. సుమారు మూడు డాలర్లకు కాలేజీ పిల్లల చేతికి అందేది. వాళ్లే దానికి డబ్బాలో దొరికే స్పృహలేమి అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు.

2010 అక్టోబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని రోజ్లిన్ అనే చిన్న ఊళ్లో ఒక ఇంట్లో జరిగిన పార్టీ తరవాత సెంట్రల్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన తొమ్మిదిమంది విద్యార్థులు ఆసుపత్రి పాలయ్యారు. పిల్లలు పడి ఉన్న తీరు చూసి, ఎవరో వాళ్ల గ్లాసుల్లో మత్తుమందు కలిపారని పోలీసులు మొదట అనుమానించారు. మత్తుమందు ఏదీ దొరకలేదు. దొరికింది ఫోర్ లోకో. కొందరు దాని మీద వేరే మద్యం కూడా తాగారు. రక్తంలో ఆల్కహాల్ 0.12 నుంచి 0.35 దాకా ఉంది, 0.35 అంటే ప్రాణం మీదికి వచ్చిన స్థితి. అదే కాలంలో న్యూజెర్సీలోని రామపో కాలేజీ తన ఆవరణలో ఆ పానీయాన్ని నిషేధించింది. నవంబరులో మిషిగన్, వాషింగ్టన్ రాష్ట్రాలు ఇలాంటి పానీయాలను నిషేధించాయి.

ప్రభుత్వం నిద్రపోయిందని కూడా అనలేం. 2008లోనే పలు రాష్ట్రాల అటార్నీ జనరళ్లు, అంటే ఆ రాష్ట్రాల ప్రధాన న్యాయాధికారులు, గట్టిగా నిలబడటంతో అన్‌హైజర్ బుష్, మిల్లర్‌కూర్స్ వంటి పెద్ద బీరు కంపెనీలు తమ పానీయాల నుంచి కెఫీన్ తీసేయడానికి ఒప్పుకున్నాయి. పెద్దవాళ్లు ఖాళీ చేసిన చోటును చిన్న కంపెనీలు ఆక్రమించాయి. 2009 నవంబరులో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సుమారు 30 కంపెనీలకు లేఖలు రాసి, మద్యంలో కెఫీన్ కలపడం సురక్షితమని మీరు ఏ ఆధారంతో అంటున్నారో చూపించండని అడిగింది. ఏడాది తరవాత, 2010 నవంబరు 17న, నాలుగు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. వారి మాల్ట్ మద్యంలో (మొలకెత్తించిన ధాన్యంతో చేసే, బీరు లాంటి మద్యం) కలిపిన కెఫీన్ సురక్షితం కాని ఆహార సంకలితమని, అంటే ఆహారంలో అదనంగా కలిపే పదార్థమని ప్రకటించి, 15 రోజుల్లో జవాబు చెప్పమంది. దానికి ముందురోజే ఫ్యూజన్ ప్రాజెక్ట్స్ తన పానీయం నుంచి కెఫీన్, గ్వారానా, టారిన్ తీసేస్తున్నట్టు ప్రకటించింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగమని మిమ్మల్ని కోరుతున్నాను, ఎందుకంటే ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నదంతా ఎఫ్‌డీఏ అడిగిన ఆ ప్రశ్నలోనే ఉంది. ఈ పానీయం వల్లే ఫలానా పిల్లవాడు పడిపోయాడని ఎఫ్‌డీఏ రుజువు చేయలేదు, చేయవలసిన అవసరమూ లేదు. 1958లో వచ్చిన ఆహార సంకలితాల చట్ట సవరణ ప్రకారం, ఆహారంలో ఒక పదార్థాన్ని కలిపేవాడే అది ఆ వాడకంలో సురక్షితమని ముందుగా చూపించాలి, లేదా నిపుణులందరూ దాన్ని సురక్షితమని సాధారణంగా అంగీకరించి ఉండాలి. కోలా వంటి పానీయాల్లో 0.02 శాతం వరకు కెఫీన్‌కు అటువంటి అంగీకారం ఉంది. మద్యంలో కలపడానికి ఏనాడూ లేదు. విడివిడిగా రెండూ చట్టబద్ధమే కదా, కాఫీ తాగుతారు, బీరు తాగుతారు, కలిపితే తప్పేమిటని కంపెనీలు వాదించాయి. వేరువేరుగా అనుమతి ఉన్నంత మాత్రాన కలిపినదానికి అనుమతి వచ్చినట్టు కాదని చట్టం చెప్పింది. ఆయుర్వేదం తెలిసిన మన పెద్దలు విరుద్ధాహారం అన్నప్పుడు చెప్పినదీ దాదాపు ఇలాంటి మాటే: పదార్థం గుణం వేరు, కలయిక గుణం వేరు. అనుమానం ఉన్నప్పుడు దాని బరువు మోయవలసింది కలిపి అమ్మేవాడే గానీ, తాగి పడిపోయినవాడు కాదు.

ఆ తరవాత కథ కూడా చెప్పాలి, ఎందుకంటే కెఫీన్ తీసేయగానే అంతా చక్కబడలేదు. డబ్బాలో 12 శాతం ఆల్కహాల్ అలాగే ఉండిపోయింది. ఒక డబ్బా ఒకటి రెండు బీర్లతో సమానమన్నట్టుగా కంపెనీ జనాన్ని నమ్మించిందని 2011లో వ్యాపార మోసాలను అడ్డుకునే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. నిజానికి అది నాలుగైదు బీర్లతో సమానం. 2013లో ఖరారైన ఉత్తర్వు ప్రకారం డబ్బా మీద ఆల్కహాల్ లెక్క ముద్రించాల్సి వచ్చింది. 2014 మార్చిలో 20 రాష్ట్రాల అటార్నీ జనరళ్లతో కంపెనీ రాజీ కుదుర్చుకుని 4 లక్షల డాలర్లు చెల్లించింది. ఆ రాజీలో ఒక షరతు మనకు చాలా ముఖ్యం: కెఫీన్ కలిపిన మద్యం తయారు చేయకూడదు, అంతేగాక తన పానీయాన్ని కెఫీన్ ఉన్న వేరే పానీయాలతో కలుపుకోమని ప్రోత్సహించనూ కూడదు. అంటే డబ్బా లోపల కలపడం ఆగితే, డబ్బా బయట కలపడం మొదలవుతుందని అటార్నీ జనరళ్లు అప్పుడే గ్రహించారన్నమాట.

వాళ్లు ఊహించినట్టే జరిగింది. ఆ కలపడం బిర్యానీ గిన్నెలోకి వచ్చింది. కంపెనీ అయితే లైసెన్సు ఉంటుంది, చిరునామా ఉంటుంది, హెచ్చరిక లేఖ రాయడానికి ఒక పేరు ఉంటుంది. గిన్నె ముందు గరిటె పట్టుకుని నిలబడినవాడికి ఎవరు లేఖ రాస్తారు? ఏ అధికారీ రాయడు. అందుకే నేను మీకు రాస్తున్నాను.

మీకెందుకు అంటే, ఆ గిన్నె విద్యార్థుల గదుల్లోనే ఉందని అనుకోవడానికి వీల్లేదు కాబట్టి. కొన్నేళ్ల కిందట ఉగాది సంబరాలకు ఒక కమ్యూనిటీ హాలుకు వెళ్లాను. ముందు గదిలో మామిడాకుల తోరణం, ఉగాది పచ్చడి గిన్నె, పిల్లల కూచిపూడి, పద్యాల పోటీ. వెనక పార్కింగ్‌లోకి తెరుచుకునే తలుపు దగ్గర మడత బల్ల మీద, క్రికెట్ ఆటలకు నీళ్లు తీసుకెళ్లే నారింజ రంగు ప్లాస్టిక్ కూలర్ ఒకటి పెట్టి ఉంది. కిందికి నొక్కితే ధార పడే చిన్న కుళాయి దానికి. ఒక పెద్దమనిషి ఎంతో ఆప్యాయంగా అందరికీ గ్లాసులు నింపి ఇస్తున్నారు. కూలర్ వెనక చెత్తబుట్టలో ఖాళీ ఎనర్జీ డ్రింకు డబ్బాలు, రెండు పెద్ద వోడ్కా సీసాలు. ఆ డబ్బాలు 473 మిల్లీలీటర్లవి, ఒక్కొక్క దాంట్లో 160 మిల్లీగ్రాముల కెఫీన్. గ్లాసులో ఎంత మద్యం ఉందో, ఎంత కెఫీన్ ఉందో పోసేవారికీ తెలియదు, తాగేవారికీ తెలియదు. కూలర్ మీద ఏమీ రాసి లేదు. నేను నిలబడి ఉండగానే పదో పన్నెండో ఏళ్ల బాబు ఆడి ఆడి చెమటతో వచ్చి, మంచినీళ్లనుకుని ఆ కుళాయి కింద గ్లాసు పెట్టాడు. ఎవరో చూసి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. అందరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

ఆ పెద్దమనిషి చెడ్డవారని నేను అనడం లేదు. అతిథికి లోటు రాకూడదని తపించే మనిషి. కానీ ఆ రోజు ఆ కూలర్ ముందు ఆయనే తయారీదారు, ఆయనే పంపిణీదారు. 1958 చట్టం ఒక కంపెనీ మీద పెట్టిన బరువు, చట్టం దృష్టిలో కాకపోయినా న్యాయం దృష్టిలో ఆయన భుజాల మీదే ఉంది. ఆయన్ను అక్కడ నిలబెట్టింది సంఘం, హాలు అద్దె కట్టింది సంఘం, టికెట్లు అమ్మింది సంఘం.

ఇలా అన్నప్పుడల్లా నాకు ఎదురయ్యే మాట ఒకటుంది: వాళ్లు చిన్నపిల్లలా, ఎంత తాగాలో వాళ్లకు తెలియదా, తాగినవాడిది కదా బాధ్యత? నేను ఆ మాటను గౌరవంగానే తీసుకుంటాను. తాగినవాడికి బాధ్యత లేదని నేను ఎన్నడూ అనను. తాగి బండి నడిపి మరొకరి ప్రాణం తీసినవాడి పక్షాన మాట్లాడటానికి నాకు నోరు రాదు. కానీ తన బాధ్యత తాను మోయాలంటే, తనకు ఎంత ఎక్కిందో అతనికి తెలియాలి. ఈ మిశ్రమం చెడగొట్టేది సరిగ్గా ఆ తెలివినే. దారి కనపడకుండా కళ్లకు గంతలు కట్టి, గుంటలో పడితే చూసుకుని నడవలేదేమని అడగడం ఏం న్యాయం? మన మాస్టర్స్ పిల్లల్లో చాలామందికి ఇంటి దగ్గర మద్యం అలవాటు లేదు. కొందరు మొట్టమొదటిసారి గ్లాసు పట్టుకునేదే ఇక్కడికొచ్చాక సీనియర్లు ఇచ్చే పార్టీలో. తమకు మామూలుగా ఎంత తాగితే ఎలా ఉంటుందన్న కొలతే లేనివాళ్లకు, ఆ కొలతను తారుమారు చేసే పానీయాన్ని తొలి గ్లాసుగా ఇస్తున్నాం. ఇక్కడే పుట్టి పెరిగి పద్దెనిమిదేళ్లకు కాలేజీకి వెళ్లే మన పిల్లల సంగతి వేరు. వాళ్లకు 21 నిండేదాకా మద్యం ఇవ్వడమే నేరం, ఇచ్చిన ఇంటివారిని బాధ్యులను చేసే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి.

ఇంకొక విషయం ఉంది. నా మనసును ఎక్కువగా కలచివేసేది అదే. ఆ శనివారం రాత్రి ఆ ముగ్గురూ మిత్రుడిని తీసుకురావడానికి గంటన్నర తటపటాయించారు. 911కి ఫోన్ చేస్తే పోలీసులు వస్తారేమో, వీసా పోతుందేమో, అంబులెన్సు బిల్లు ఎంతవుతుందో, ఊళ్లో అమ్మానాన్నలకు తెలుస్తుందేమో అని ఒకరితో ఒకరు వాదించుకున్నారు. చివరికి వాళ్లే కారులో తెచ్చారు. నడిపినవాడు కూడా ఆ గిన్నెలోదే తాగాడని తరవాత తెలిసింది. వాళ్ల భయం పూర్తిగా తప్పని కూడా అనలేను. 2015 నుంచి, తాగి బండి నడిపిన నేరం మీద అరెస్టయినవారి వీసాను కోర్టులో కేసు తేలకముందే రద్దు చేసే పద్ధతిని అమెరికా విదేశాంగ శాఖ పాటిస్తోంది. ఆ పిల్లలు దేనికి భయపడాలో దానికి భయపడలేదు. వీసాకు నిజంగా ముప్పు తెచ్చే పని, అంటే తాగి స్టీరింగు పట్టుకోవడం, భయం లేకుండా చేశారు; ప్రాణం కాపాడే పనికి, అంటే ఫోన్ చేయడానికి, వణికిపోయారు. తోటివాడి ప్రాణం కోసం సహాయం పిలిచినవారిని, తక్కువ వయసులో మద్యం తాగారన్న చిన్న కేసుల నుంచి కాపాడే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. రాష్ట్రానికీ రాష్ట్రానికీ వివరాలు మారుతాయి. మీ రాష్ట్రంలో ఏముందో కనుక్కుని పిల్లలకు చెప్పగలిగేది మీరే.

పిల్లలకు ఇది కూడా చెప్పండి. మాట్లాడుతున్నాడు కదా, మెలకువగా ఉన్నాడు కదా అని ధైర్యపడకూడదు. తాగడం ఆపిన తరవాత కూడా పొట్టలో ఉన్నది రక్తంలో చేరుతూనే ఉంటుంది. రక్తంలోని కెఫీన్ ఆరోగ్యవంతుల్లో సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. అది తగ్గుతున్నకొద్దీ అప్పటిదాకా దాక్కున్న మత్తు బయటపడుతుంది. పిలిస్తే పలకకపోయినా, గిల్లితే కదలకపోయినా, ఒళ్లు చల్లబడి పెదాలు నీలంగా మారినా, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువసార్లు ఊపిరి తీసుకుంటున్నా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటుతున్నా ఇక ఆలోచించనక్కర్లేదు, 911కి ఫోన్ చేయాలి. వాళ్లు వచ్చేదాకా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు. నిద్రపోనిద్దాం, పొద్దున్నకు సర్దుకుంటుందని దుప్పటి కప్పి వెళ్లిపోవడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. చన్నీళ్ల స్నానం, మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, ఇవేవీ ఆ సమయంలో పనికిరావు. స్పృహ సరిగ్గా లేనివాడి గొంతులో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

ఇక మీ నుంచి నేను కోరేది చాలా కొద్ది. సంఘం పేరు మీద జరిగే ఏ కార్యక్రమంలోనూ, అది సంక్రాంతి అయినా, క్రికెట్ పోటీల ముగింపు విందు అయినా, పిక్నిక్ అయినా, మద్యంలో ఎనర్జీ డ్రింకు కలిపి ఇవ్వబోమని కార్యవర్గంలో ఒక తీర్మానం చేయండి. మద్యం ఇవ్వాలని నిర్ణయించుకున్నచోట గిన్నెలూ కూలర్లూ పక్కన పెట్టి, లైసెన్సు ఉన్న బార్‌టెండర్‌ను పెట్టి, సీసా నుంచి గ్లాసులోకి కొలిచి పోయించండి. తాగేవాడికి తన లెక్క తెలుస్తుంది. ఎనర్జీ డ్రింకు కంపెనీ ఏదైనా స్పాన్సర్‌గా ముందుకొస్తే, వారి డబ్బాలు మద్యం బల్ల దగ్గర ఉండకూడదని ఒప్పందంలో రాయించండి. డబ్బు అవసరం సంఘాలకు ఎప్పుడూ ఉంటుంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయినా ఈ ఒక్క వాక్యం రాయిస్తే పోయే స్పాన్సర్‌ను పోనివ్వవచ్చు.

విద్యార్థి సంఘాల బాధ్యులైన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు వేరుగా ఒక మాట. ప్రతి ఆగస్టులో మీరు విమానాశ్రయానికి వెళ్లి కొత్తవాళ్లను తీసుకొస్తారు, గది దొరికేదాకా మీ హాల్లో పడుకోబెడతారు, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, బస్సు పాసు అన్నీ దగ్గరుండి చూస్తారు. ముక్కూ మొహం తెలియనివారికి మీరు చేసే ఆ సాయం చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. ఆ పిల్లల తల్లిదండ్రులు ఫోన్ చేసి మావాణ్ణి కాస్త చూసుకో బాబూ అనేది మీతోనే. అందుకే అడుగుతున్నాను: వాళ్లకు ఇచ్చే మొదటి పార్టీలో ఆ గిన్నె కలపకండి. ఎవరైనా కలపబోతే వద్దని చెప్పగలిగిన చనువు మీకే ఉంది. పార్టీకి వెళ్లేటప్పుడు తిరిగి బండి నడపడానికి చుక్క కూడా తాగని ఒకరిని ముందే అనుకోండి. కొత్తవాళ్లకు చెప్పే జాగ్రత్తల కాగితంలో సోషల్ సెక్యూరిటీ నంబరు, క్యాంపస్ ఉద్యోగం, ఇన్సూరెన్సు గురించి రాసేచోట ఈ విషయం కూడా నాలుగు వాక్యాలు రాయండి. విద్యార్థి ఇన్సూరెన్సు ఎమర్జెన్సీ ఖర్చులో ఎంత భరిస్తుందో ముందే చదివి చెప్పండి. అర్ధరాత్రి గది మధ్యలో నిలబడి వాదించుకునే సమయం మిగులుతుంది.

నా వంతుగా నేను చేయగలిగేది కూడా చెబుతాను. సాధారణంగా నాకు వారంలో మూడు రాత్రులు డ్యూటీ ఉంటుంది. మిగిలిన రోజుల్లో ఏ సంఘం పిలిచినా, ఏ విశ్వవిద్యాలయ విద్యార్థులు పిలిచినా, వీడియో కాల్‌లో గానీ, కారులో నాలుగు గంటల దూరంలోపు అయితే స్వయంగా వచ్చి గానీ, అరగంటసేపు తెలుగులో ఈ విషయాలు చెబుతాను, మనిషిని పక్కకు తిప్పి ఎలా పడుకోబెట్టాలో నేల మీద చేసి చూపిస్తాను. ఈ లేఖ మీకు అందజేసిన మిత్రుల ద్వారానే నాకు కబురు చేయవచ్చు. ఈ ఆగస్టు విమానాలు దిగేలోపు పిలిస్తే మరీ సంతోషం.

భవదీయురాలు,
ఎమర్జెన్సీ విభాగంలో ఒక తెలుగు నర్సు